గిర్నీ మల్లప్ప కాన్పు

గిర్నీ మల్లప్ప మెల్లగా మాట్లాడటం నేర్చుకుంటున్నాడన్న కబురు విని జహీరాబాద్ బజారంతా పగలబడి నవ్వింది. నవ్వదా మరి! పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఇంజను పక్కన నిలబడి పిండి పట్టేవాడికి మెల్లగా మాట్లాడే అవసరం ఎప్పుడొచ్చింది గనక? ఇంజను టుకటుకల మీదుగా, పట్టా టపటపల మీదుగా, రాళ్ళ రొద మీదుగా “జొన్నలెవరియమ్మా!” అని కేకేస్తే బయట అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళకు వినబడాలి. మీసాలు రాకముందు మొదలుపెట్టిన ఆ కేక పెళ్ళినాటికి గొంతులో స్థిరపడిపోయింది. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వీధి చివర హోటల్లో చాయ కాచే రామచందర్ తలెత్తి చూసేవాడు. దేవుడి ముందు మనసులో అనుకోవలసిన కోరికలు కూడా నలుగురికీ తెలిసిపోయేవి.

గొంతు ఒక్కటే అయితే ఫరవాలేదు, మల్లప్పకు కాళ్ళు కూడా మాట వినేవి కావు. ఎవరికి చిన్న నలత చేసినా ఉరికేవాడు. ఒకసారి పక్కింటావిడకు పన్ను నొప్పి అని చెవిన పడిందే తడవుగా వైద్యుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆవిడ అప్పటికి గడపలో కూర్చుని జొన్నరొట్టె నములుతూ “ఎవలకు బాగలేదు మల్లప్పా?” అని అడిగింది. మంచివాడే, మాటకు బంగారమే. కానీ ఆపద కళ్ళెదుట పడితే అక్కడ నిలబడలేడు. దేన్నో తేవడానికి ఎక్కడికో పోవాలి, అంతే. తండ్రి పోయిన రోజున కూడా అట్లాగే మందు కోసం బీదర్ దాకా పోయాడు. తిరిగి వచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. “నీకోసం తలుపు దిక్కే చూసిండు బిడ్డా” అని మేనత్త బస్వమ్మ చెప్పింది. ఆ మాటను మల్లప్ప తర్వాత ఎవరి దగ్గరా ఎత్తలేదు.

అట్లాంటి మనిషికి మొగుడంపల్లి నుంచి కమలమ్మ పెళ్ళామై వచ్చింది. గొంతు చిన్నది, మాట మాత్రం పదును. ఒకసారి చెప్పిందంటే రెండోసారి అడగాల్సిన అవసరం ఎదుటివాడికి రాదు. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో పెళ్ళయితే మరుసటేడు ఆమెకు నెల తప్పింది. మల్లప్ప సంతోషం పట్టలేక గిర్నీలోంచే అరిచాడు. కమలమ్మ ఇంకా బస్వమ్మకైనా చెప్పుకోకముందే కూరగాయల బండివాడికి తెలిసిపోయింది. ఆ రోజు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఏడో నెలలో ఆమె అన్న మహాదేవప్ప బండి కట్టుకుని వచ్చాడు. తొలుసూరు కాన్పు పుట్టింట్లోనే కావాలి, అది అందరికీ తెలిసిన సంగతే. వదిన పంపిన చీర, కుంకుమ, బెల్లం ముద్దలు తెచ్చి చాప మీద పెట్టాడు. కమలమ్మ చీర తీసుకుంది, కుంకుమ పెట్టుకుంది, అన్నకు కడుపునిండా భోజనం పెట్టింది. ఆ తర్వాత “నేను రాను అన్నా, ఈడనే కంట” అంది. మహాదేవప్ప నోరు వెళ్ళబెట్టాడు. బస్వమ్మయితే ముక్కున వేలేసుకుని అట్లాగే ఉండిపోయింది. మల్లప్పకు ఏమీ అర్థం కాక ఆ మూడు ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

అన్న తిరిగి వెళ్ళాక, ఇంజను ఆపి మల్లప్ప చేతులు కడుక్కుంటుంటే కమలమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

“మా చెల్లె పుట్టిననాడు నేను అర్ర తలుపు కాడ నిలవడ్డ” అంది. “ఇల్లంత ఆడోళ్ళే. ఒకలు ముక్కు అంటరు, ఒకలు ముక్కకు అంటరు, ఒకలు ముందుగాలనే ఏడుస్తరు. అమ్మ మా నాయినను పిలిచింది. పిలిచింది, పిలిచింది. మొగోనికి ఈడ ఏం పని అన్నరు గని, ఎవలూ పోయి చెప్పలే. నాయిన చేన్ల ఉన్నడు. ఆయనకు తెలిసేసరికి అమ్మ లేదు.”

మల్లప్ప చేతుల మీది నీళ్ళు తుడుచుకోవడం మరచిపోయాడు.

“నొప్పులంటె నాకు భయం లేదు. అందరూ కనేదే. గంత మందిల ఒక్కదాన్ని అయిపోత, గదే నా భయం. నువ్వు నా దగ్గర ఉండాలె. ఒర్రొద్దు, ఉరకొద్దు. ఇంకేం అడుగ నిన్ను.”

“ఉంట!” అన్నాడు మల్లప్ప గుండె నిండా.

ఎదురింటి అరుగు మీంచి ముసలాయన “యాడ ఉంటవ్ మల్లప్పా?” అని అడిగాడు.

కమలమ్మ నుదురు కొట్టుకుంది. తర్వాత నవ్వింది. మల్లప్ప కూడా నవ్వాడు. అరవకుండా ఉండటం ఎట్లాగో నేర్చుకోవచ్చు. ఉరకకుండా ఉండగలడా? తన సంగతి తనకు తెలియదా?

దవాఖానలో తారాబాయి అని నర్సమ్మ ఉండేది. లాతూరు వైపు మనిషి. తెలుగు మాట్లాడితే మధ్యలో మరాఠీ తొంగిచూసేది. పెళ్ళాం వెంట మొగుడు కూడా లోపలికి వచ్చి బల్ల మీద కూర్చోవడం ఆమె సర్వీసులో అదే మొదలు. సంగతంతా విని కడుపు పట్టుకుని నవ్వింది.

“అరే బాబా, తప్పేముంది? నా రెండో పోరడు పుట్టిననాడు కుండపోత వాన. ఇంట్ల మా ఆయన తప్ప పురుగు లేదు. ఆయన చెయ్యి పట్టుకున్న, బస్, అయిపోయింది. ఆయన చెయ్యి మాత్రం వారం దాక వాచింది.”

కమలమ్మను బాగా చూసి, బిడ్డ తల కిందికే ఉంది, ఏమీ ఫికర్ లేదు, ఇంట్లోనే కనొచ్చు అని చెప్పింది. ఏదైనా తేడా వస్తే ఆలస్యం చేయకుండా దవాఖానకు తీసుకురావాలని మరీ మరీ చెప్పింది. పాత చీరలు ఉడకబెట్టి ఎండలో ఆరేయాలి. కొత్త బ్లేడు, దారం సిద్ధంగా ఉండాలి. తాను వచ్చేదాకా బొడ్డు ఎవరూ ముట్టకూడదు. ఇక నొప్పి వచ్చినప్పుడు పళ్ళు బిగబట్టొద్దంది. “కడుపు నిండ గాలి పీల్చు. వేడి చాయ ఊదినట్టు మెల్లగ ఇడువు. మల్లప్పా, నువ్వు గూడ నేర్చుకో. నువ్వు గాబరా అయితె ఆమెకు అంటుకుంటది.”

మల్లప్ప అక్కడే ఒకసారి చాయ ఊదినట్టు ఊదాడు. బల్ల మీది దూది ఎగిరి కింద పడింది.

అంతా బాగానే ఉంది గానీ బస్వమ్మ ఒప్పుకోవద్దూ? తల్లిలేని మల్లప్పను పెంచింది ఆమే. ఊళ్ళో ఎన్నో కాన్పులకు చెయ్యేసిన మనిషి. కాన్పు గదిలో మొగవాడు అనేసరికి “ఛీ ఛీ, మొగోడు సూడొద్దు, నా పానం పోయినా ఒప్పుకోను” అని మూలకు పోయి కూర్చుంది. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. మూడో రోజున కమలమ్మ రొట్టె, పప్పు పట్టుకెళ్ళి పక్కన కూర్చుంది.

“అత్తమ్మా, ఆయన సూడొద్దు, గంతేనా?”

“గంతే.”

“గోడ దిక్కు మొఖం పెట్టుకుని కూసుంటడు. నేను ఆయన వీపుకు వీపు ఆనించి కూసుంట. ఆయన సూసేది గోడనే గద?”

బస్వమ్మ ఆలోచించింది. మొగవాడు చూడకూడదని పెద్దలు చెప్పారు. ఆనకూడదని ఎవరూ చెప్పినట్టు గుర్తు రాలేదు. రొట్టె తుంచి పప్పులో అద్దుకుంటూ “తల ఇటు తిప్పిండంటె మాత్రం నేనే బయటికి నూకుత” అంది. అట్లా ఒప్పందం కుదిరింది.

ఇక సాధన మొదలైంది. రోజూ సాయంత్రం ఇంజను ఆగాక మల్లప్ప గోడవైపు తిరిగి బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. కమలమ్మ వచ్చి అతని వీపుకు ఆనుకునేది. మొదట్లో మల్లప్ప గునపం మింగినట్టు బిగుసుకుపోయేవాడు. “గోడకు ఆనుకున్నట్టున్నది, జర మెత్తగ కూసో” అని ఆమె మోచేత్తో పొడిచేది. మెత్తగా కూర్చోవడం వచ్చేసరికి నిద్ర రావడం మొదలైంది. పాపం, పొద్దంతా బస్తాలెత్తిన ఒళ్ళు. గుర్రుమనగానే కమలమ్మ ముందుకు వంగేది, మల్లప్ప వెల్లకిలా పడేవాడు. “నా కాన్పుల గుర్రు పెట్టినవో సంపుత” అని ఆమె, నడుము పట్టుకుని అతను, ఇద్దరూ నవ్వలేక చచ్చేవాళ్ళు.

మెల్లమెల్లగా ఇద్దరికీ ఊపిరి కలిసింది. ఆమె పీలిస్తే వీపు ఉబ్బేది, అతనికి తెలిసేది. అతనూ పీల్చేవాడు. మాటలు ఉండేవి కావు. ఎంతోమంది మాటలు పొద్దంతా వినే మల్లప్పకు ఆ కాసేపు బలే హాయిగా ఉండేది. కమలమ్మ నీళ్ళకు పోతే మాత్రం బోరింగు దగ్గర ఆడవాళ్ళు కిసకిసలాడేవారు. ఆమె వీపు మీద తెల్లగా జొన్నపిండి మచ్చ, మల్లప్ప వీపు అంతది, ఎంత దులిపినా కనబడేది. ఆమె సిగ్గుపడేది కాదు. “మా ఇంటాయన ముద్ర” అని కడవ ఎత్తుకుని వచ్చేసేది.

గొంతు దగ్గరే వచ్చింది చిక్కు. మల్లప్ప గిర్నీలో కూడా మెల్లగా మాట్లాడటం అలవాటు చేసుకుంటానని పట్టుపట్టాడు. పెదాలు కదులుతాయి, మాట బయటికి రాదు. ఒకరి పిండి ఇంకొకరు ఎత్తుకుపోయారు. అనంతమ్మ అనే ఆవిడ, ఆ వీధికంతా పెద్దగొంతు ఆవిడే, నడుము మీద చెయ్యి పెట్టుకుని “నీకు జరమొచ్చిందా, మౌనవ్రతమా? పెండ్లాం కాడ మెల్లగ మాట్లాడుకో, మాకాడ ఒర్రు నాయినా!” అని దండం పెట్టింది. రామచందర్ హోటల్లో వేళాకోళాలకు అంతే లేదు. “మల్లప్పా, నీకు ఎన్నో నెల?” అని ఒకడు, “పుల్లటిది తినబుద్ధయితుందా?” అని ఒకడు. మల్లప్ప కోపం తెచ్చుకునేవాడు కాదు. “శివరాత్రి దాటినంక కంట. మీకందరికీ దూద్ పేడా పెడ్త” అనేవాడు. అట్లా ఊళ్ళో అది కమలమ్మ కాన్పు కాకుండా గిర్నీ మల్లప్ప కాన్పు అయి కూర్చుంది.

శివరాత్రి దాటింది. సంత రోజు వచ్చింది. గిర్నీ అరుగు నిండా ముల్లెలు. ఆడవాళ్ళు చీర పేలికల్లో, పాత తువ్వాళ్ళలో గింజలు మూటకట్టి, అక్కడ పెట్టి, సంతకు పోయి తిరిగి వచ్చేటప్పుడు పిండి తీసుకుపోయేవారు. ఏ ముల్లె ఎవరిదో మల్లప్ప ముడిని చూసి చెప్పేవాడు. అనంతమ్మది గట్టి జంట ముడి. పెద్దింటి మనోరమమ్మ పంపేది పువ్వులాంటి ముడి. రత్నమ్మది ఎప్పుడూ వదులే, ఎత్తితే సగం గింజలు కిందే.

ఎండ ఇంకా ముదరలేదు. కమలమ్మ వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ముఖం ప్రశాంతంగానే ఉంది. “ఇగో, జర ఇంజను బంద్ చెయ్యి” అంది.

మల్లప్ప ఇంజను ఆపాడు. సంత రోజున గిర్నీ ఆగేసరికి వీధి వీధంతా ఒక్కసారి ఇటు చూసింది.

నిజం చెప్పాలంటే మల్లప్ప మొదట్లో బాగానే ఉన్నాడు. నీళ్ళు కాగబెట్టాడు. ఉతికిన చీరలు తెచ్చి పెట్టాడు. తారాబాయి టీకాలు వేయడానికి చిరాగ్‌పల్లి పోయిందని తెలిసినా తొణకలేదు. ఎందుకంటే పిండికి వచ్చిన రామ్‌కిషన్ ఎడ్లబండి వాకిట్లోనే ఉంది. “చాయ తాగి వస్త, రాంగనే కడ్త, పావుగంటల సడకెక్కుత” అని రామ్‌కిషన్ హోటలుకు వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడు బస్వమ్మ లోపల్నుంచి “ఓరి మల్లిగా, ఇంట్ల ముడులు ఇప్పుర! తాళాలు తియ్యి! ఏదీ బిగిసి ఉండొద్దు. ఏది బిగిసి ఉంటె ఆడిదాని కడుపు గట్ల బిగిసిపోతది!” అని కేకేసింది.

అది అక్కడి ఆచారం. ప్రతి ఇంట్లోనూ చేసేదే. పెట్టె మూత ఎత్తేస్తారు, తలుపు గొళ్ళెం తీస్తారు, జడ ముడి విప్పుతారు, అంతటితో ఆగుతారు. కానీ మల్లప్ప చేతులకు పని దొరక్క తపించిపోతున్నాడు కదా, ఆ మాట చెవిన పడేసరికి పూనకం వచ్చినట్టు లేచాడు. సందూకు పెట్టె తాళం తీశాడు. వంటింటి గొళ్ళెం తీశాడు. ఉట్టి తాడు విప్పాడు, మజ్జిగ కుండ పగిలింది. కొత్తగా కట్టిన ఉయ్యాల తాళ్ళు విప్పాడు. తన పంచె ముడి మీద చెయ్యి వేస్తుంటే బస్వమ్మ చూసి “అది కాదుర దొంగసచ్చినోడా!” అని అరిచింది. అక్కణ్ణుంచి గిర్నీలోకి పోయి ముల్లెలన్నిటి ముడులూ విప్పాడు. జంట ముడి, పువ్వు ముడి, వదులు ముడి, ఒక్కటీ వదలలేదు. వాకిట్లోకి పోయి రామ్‌కిషన్ ఎడ్లను బండి చక్రం నుంచి విప్పాడు. ఎడ్లు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఇంటి తోవ పట్టాయి.

రామ్‌కిషన్ మూతి తుడుచుకుంటూ వచ్చి ఖాళీ చక్రం చూశాడు. “నా ఎడ్లేవి?”

“ఇప్పిన” అన్నాడు మల్లప్ప.

“ఎందుకు?”

“అత్త ముడి ఉండొద్దన్నది.”

రామ్‌కిషన్ నెత్తి మీద చేతులు పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. తాను ఏం చేశాడో మల్లప్పకు అప్పుడు వెలిగింది. లోపల్నుంచి బస్వమ్మ “నొప్పులు దగ్గర పడ్డయ్! నర్సమ్మను తేపోర, ఉరుకు!” అంది.

ఉరుకు అన్న మాట చాలు. మల్లప్ప ఒక కాలు చెప్పులో పెట్టేశాడు. ఒంట్లో ప్రతి ఎముకా పద పద అంటోంది. తాను ఉరికితే ఎంత వేగంగా ఉరకగలడో అతనికి తెలుసు. ఎడ్లు పోయినా సరే, చిరాగ్‌పల్లి దాకా ఉరికి నర్సమ్మను భుజాన వేసుకునైనా తేగలడు. తప్పు చేసింది తనే, పోవలసిందీ తనే. రెండో కాలు వీధివైపు పడింది.

లోపల్నుంచి ఒక చప్పుడు వచ్చింది. కేక కాదు. వేడి చాయ ఊదినట్టు, మెల్లగా, పొడుగ్గా, ఊఫ్‌మని. కమలమ్మ తన పని తాను చేసుకుంటోంది. అతన్ని పిలవలేదు. పిలిస్తే బాగుండునని మల్లప్పకు అనిపించింది. పిలవకుండా ఒక్కతే ఊదుకుంటున్న ఆ చప్పుడు విని అతనికి ఏడుపొచ్చింది.

చెప్పు విడిచాడు. రామ్‌కిషన్ చేతులు రెండూ పట్టుకున్నాడు. “అన్నా, నీ కాళ్ళు మొక్కుత, నువ్వు పో. నేను ఈడనే ఉండాలె. మాటిచ్చిన.”

“ఎడ్లను ఇడిసిపెట్టినోడివి నువ్వు, ఉరికేటోన్ని నేనా!” అని రామ్‌కిషన్ గయ్యిమన్నాడు. అంటూనే మల్లప్ప ముఖం చూశాడు. రుమాలు తలకు చుట్టుకుని బొంబాయి సడకు వైపు పరుగెత్తాడు. ఆ దారిన పోయే లారీకి చెయ్యెత్తి ఎక్కేశాడని తర్వాత తెలిసింది.

మల్లప్ప లోపలికి పోయి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వెనకనుంచి కమలమ్మ వచ్చి ఆనుకుంది. చీర చెమటతో తడిసి ఉంది. “పోయినవనుకున్న” అంది.

“పోలే” అన్నాడు.

నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె వీపు రాయిలా అయ్యేది. అతను ఊపిరి పీల్చేవాడు, ఆమె పీల్చేది. కానీ సాధన వేరు, ఇది వేరు. మల్లప్ప గోడను చూస్తూ కూర్చున్నాడు గానీ గోడ మీద కనబడింది వాకిట్లో నిలబడ్డ జనం. బీదర్ నుంచి తిరిగొచ్చిన రోజు. మోకాళ్ళు వాటంతట అవే అదరడం మొదలుపెట్టాయి.

“నీ కాళ్ళు ఆడ్తున్నయ్, నాకు తెలుస్తుంది” అంది కమలమ్మ. “ఏమన్న మాట్లాడు.”

మల్లప్ప ఇన్ని నెలలు నేర్చుకున్న గుసగుసతో “భయపడకు కమలా” అన్నాడు.

“ఏమన్నవ్?”

“భయపడకు అన్న.”

“నీ గుసగుస పాడుగాను! వీపుకు తెలుస్తనే లేదు. గట్టిగ మాట్లాడయ్యా! గిర్నీల మాట్లాడినట్టు మాట్లాడు!”

మల్లప్ప బిక్కచచ్చిపోయాడు. ఏం మాట్లాడాలి? అదే సమయానికి సంత నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళు అరుగు మీద ముల్లెలన్నీ విప్పి ఉండటం చూసి గోల మొదలుపెట్టారు. ఇవి నా జొన్నలు కావని అనంతమ్మ, అవే నావని రత్నమ్మ.

“వాళ్ళకు చెప్పు” అంది కమలమ్మ పళ్ళ సందున. మళ్ళీ నొప్పి వస్తోంది. “ఎవలియి ఎవలియో చెప్పు!”

మల్లప్ప గుండె నిండా గాలి పీల్చాడు. “అనంతమ్మా! స్తంభం కాడియి పచ్చజొన్నలు నీయి!”

ఇల్లు మోగింది. ఆ గొంతు అతని వీపులోంచి ఆమె వీపులోకి, నడుములోకి, ఇంజను నడుస్తున్నప్పుడు గోడకు ఆనుకుంటే ఒళ్ళంతా తెలిసినట్టు తెలిసింది. కమలమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. “ఆఁ, గట్ల” అంది.

అరుగు మీద గోల ఆగిపోయింది. ఒక క్షణం తర్వాత “నాయే మల్లప్పా!” అని అనంతమ్మ బదులిచ్చింది.

“రత్నమ్మా! మెట్టు మీది తెల్లజొన్నలు! సగం కింద వడ్డయి, ఏరుకో!”

“నాయే మల్లప్పా!”

“మనోరమమ్మగారి గోధుమలు! తలుపు పక్కకు!”

అన్ని ముల్లెలూ అయిపోయాయి. అందరి గింజలూ అందరికీ ముట్టాయి. మల్లప్ప ఆగాడు. కమలమ్మ వెనక్కి నెట్టింది, ఆపకు అన్నట్టు. ఏం చేస్తాడు పాపం, మళ్ళీ మొదటికొచ్చాడు. “అనంతమ్మా! స్తంభం కాడి పచ్చజొన్నలెవరియమ్మా!”

అనంతమ్మ అప్పటికే ముల్లె నెత్తిన పెట్టుకుని ఉంది. దించి కింద పెట్టింది. “నాయే మల్లప్పా!” అంది, ముందుకన్న గట్టిగా. ఆ ఆడవాళ్ళకు చెప్పేవాళ్ళెవరూ లేరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఒక్కరూ ఇంటికి పోలేదు. అతను పిలుస్తూనే ఉన్నాడు, వాళ్ళు పలుకుతూనే ఉన్నారు. మూడోసారికి పాలమ్మేవాడు, నాలుగోసారికి ఎదురింటి ముసలాయన కూడా “నాయే!” అనడం మొదలుపెట్టారు. వాళ్ళవి అక్కడ గింజ కూడా లేదు. కమలమ్మకు నొప్పిలో నవ్వొచ్చింది, నవ్వులో ఏడుపొచ్చింది. ఎన్ని గొంతులు! తలుపు అవతల నిలబడి ఉన్నది తన కోసమే.

“వచ్చె, వచ్చె, తల కనవడ్డది!” అంది బస్వమ్మ. మల్లప్ప రత్నమ్మ పేరు సగంలో ఉన్నాడు. వెనక ఆమె వీపు ఒక్కసారి బరువంతా వేసి, ఆ తర్వాత తేలికైపోయింది. కేర్‌మని ఏడుపు. అరుగు మీద ఆడవాళ్ళంతా ఒక్కసారిగా “ఓ!” అన్నారు.

“ఆడివిల్ల! నా తల్లే వచ్చింది!” అని బస్వమ్మ ఏడ్చేసింది. ఎవరికి ఏమైనా ఏడవని మనిషి.

కాసేపటికి అల్లం బస్తాల లారీ ఒకటి వాకిట్లో ఆగింది. తారాబాయి, వెనకే రామ్‌కిషన్ దిగారు, ఇద్దరూ అల్లం వాసన కొడుతూ. బొడ్డు ఆమె వచ్చేదాకా ఎవరూ ముట్టలేదు. బిడ్డను వెచ్చగా తల్లి కడుపు మీద కప్పి ఉంచారు. తారాబాయి బొడ్డు కోసింది, తల్లినీ బిడ్డనూ శుభ్రం చేసి చూసుకుంది, అంతా సరిగా ఉందని తేల్చింది. “శాబాస్, ఇంతమంది కన్న కాన్పు నేను ఏడ సూడలే” అంది.

అరవై ఏడు వచ్చేసరికి వాళ్ళకు ఇంకో ముగ్గురు పిల్లలు పుట్టారు. ప్రతిసారీ గిర్నీ ఆగేది, మల్లప్ప గోడవైపు తిరిగి కూర్చునేవాడు, వీధి పలికేది. ఊళ్ళో కొత్తగా పెళ్ళైన మొగవాళ్ళు హోటల్లో అతన్ని పక్కకు పిలిచి, వేళాకోళం చేస్తున్నట్టు నటిస్తూ, వీపుకు వీపు ఎట్లా ఆనించాలో అడిగి తెలుసుకునేవారు. మల్లప్ప అందరికీ వినబడేట్టు చెప్పేవాడు. రామ్‌కిషన్ మాత్రం జన్మలో మళ్ళీ ఎడ్లను ఆ వాకిట్లో కట్టలేదు.

కానీ ఆ మొదటి రోజు సంగతి ఇంకొంచెం ఉంది. తారాబాయి పని ముగించేసరికి కమలమ్మ మల్లప్ప వీపు మీదే వాలి నిద్రపోయింది. పక్క మీదికి చేరుద్దామని బస్వమ్మ వంగితే తారాబాయి “ఉండనీ, మంచి నిద్రల ఉన్నది, కాసేపు కదపొద్దు” అంది. మల్లప్ప కదలలేదు. మెడ కూడా తిప్పలేదు. జనం వచ్చి బిడ్డను చూసి పోయారు. అనంతమ్మ ముక్కు మల్లప్పదే అంది. రత్నమ్మ కాదు, మొగుడంపల్లి ముక్కే అంది. రామచందర్ చాయ పంపించి తానూ గడపలోంచి తొంగిచూసి పోయాడు. బస్వమ్మ మనసు కరిగి, ఒప్పందం సంగతి తానే పక్కన పెట్టి, బిడ్డను గుడ్డలో చుట్టి మల్లప్ప ముందుకు తెచ్చింది. మల్లప్ప కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

“ఆమె లేవనీ అత్తా. ఇద్దరం కలిసి సూస్తం.”

మధ్యాహ్నం దాటి కమలమ్మ లేచింది. బస్వమ్మ బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టింది. కమలమ్మ చాలాసేపు చూసుకుంది. “ఎవలి లెక్క ఉన్నదంటవ్?” అని వెనక్కి అడిగింది.

“నేనింక సూడలే.”

“ఎందుకు సూడలే?”

“నువ్వు పండుకున్నవ్ గద.”

ఆమె వీపు సన్నగా వణికింది. నవ్వుతోందో ఏడుస్తోందో మల్లప్పకు తెలియలేదు. కాసేపయ్యాక “ఇగ ఇటు తిరుగు” అంది.

మల్లప్ప తిరగబోయాడు. కాళ్ళు మొద్దుబారి కదల్లేదు. “కాళ్ళు తిమ్మిరెక్కినయ్ కమలా” అన్నాడు.

“అయితె ఉండు, మేమే వస్తం.” గోడ పట్టుకుని, బస్వమ్మ చెయ్యి పట్టుకుని, కమలమ్మ మెల్లగా జరిగి అతని ముందుకు వచ్చింది. బిడ్డను అతని పిండి చేతుల్లో పెట్టింది. బిడ్డ కళ్ళు చికిలించి అతని వైపు చూసింది.

“మీ నాయిన, సూడు బిడ్డా” అంది కమలమ్మ. “యాడికీ పోలే. పొద్దుగాల నుంచి ఈడనే ఉన్నడు.”